"సూచన ఉంది" అంటే ఎంత ఉన్నట్టు? కోర్టులో, ఆసుపత్రిలో, ఫిజిక్స్ ప్రయోగంలో

ప్రశ్న టూకీగా ఇదండీ: మీరు హైదరాబాద్‌లో లా చదువుతున్నారు. మూట్ కోర్టుకు (విద్యార్థులు వాదన సాధన చేసే నమూనా కోర్టు) ఇచ్చిన కేసులో "లంచం తీసుకున్నట్టు సూచనలు ఉన్నాయి" అని ఉంది. అదే వారం తమ్ముడికి జ్వరం తగ్గక చేయించిన రిపోర్టులో "విడాల్ 1:160, టైఫాయిడ్‌ను సూచిస్తోంది" అని వచ్చింది. న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాల మీద చదివిన వ్యాసంలో "2.5 సిగ్మా సూచన" అని కనిపించింది (కొత్తదేమీ లేకుండానే అలాంటి ఫలితం రావడం ఎంత అరుదో చెప్పే కొలత సిగ్మా). మూడింటి బలం ఒకటేనా, దేన్ని ఎంత నమ్మాలి అని అడిగారు.

ఒకటి కాదు. సూచనకు విడిగా బలం అంటూ ఉండదు. దాని మీద ఆధారపడి ఏ పని చేయబోతున్నారు, ఆ పని తప్పయితే ఎవరికెంత నష్టం అన్నదాన్ని బట్టే ఎంత బలమున్న సూచన కావాలో తేలుతుంది. కోర్టులో సూచన ఉంటే దర్యాప్తు నడుస్తుంది, అరెస్టు కావచ్చు, అభియోగాలు కూడా మోపవచ్చు, శిక్ష మాత్రం వేయలేరు. ఆసుపత్రిలో కొన్నిసార్లు సూచన మీదే మందు ఎక్కించేస్తారు, ఆగితే మనిషి దక్కడు. ఫిజిక్స్‌లో సూచన దొరికితే చేసే పని మళ్లీ డేటా పోగేయడమే. ఆగితే ప్రాణం పోయేవారు లేరు కాబట్టి వాళ్లు గీతను చాలా ఎత్తున గీసుకున్నారు.

మూడు చోట్లా పనికొచ్చే ప్రశ్న మాత్రం ఒకటుంది: అసలు విషయం లేకుండానే ఈ సూచన కనిపించే దారులు ఎన్ని? మెడికో లీగల్ ఫైళ్లు చూసే పనిలో ఏ ఫైలు తెరిచినా నేను ముందు వెతికేది ఆ దారులనే.

ముందు మీ సబ్జెక్టు. క్రిమినల్ కేసులో మెట్లు ఉంటాయి, మెట్టు మెట్టుకీ కావలసిన బలం మారుతుంది. ఎఫ్ఐఆర్‌కు కాగ్నిజబుల్ నేరం (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) జరిగిందని చెప్పే సమాచారం ఉంటే చాలు, అది నిజమో కాదో ఆ దశలో సాధారణంగా తూచరు (క్రిమినల్ కేసుల ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 173). వారంటు లేని అరెస్టుకు సహేతుకమైన అనుమానం కావాలి (సెక్షన్ 35). సెషన్స్ కోర్టు అభియోగాలు మోపాలా, డిశ్చార్జి చేయాలా (విచారణ లేకుండానే వదిలేయాలా) అని చూసేటప్పుడు (250, 251) అడిగేది "గట్టి అనుమానం" ఉందా అని. అది ఉంటే విచారణ నడుస్తుంది. శిక్షకు వచ్చేసరికి సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డిశ్చార్జి పిటిషన్ మీద వాదిస్తూ శిక్ష దశకు చెందిన తీర్పులు చదువుతారు, జడ్జి "ఇప్పుడు ఆ దశలో ఉన్నామా?" అనగానే ఆగిపోతారు.

మీ కేసు లంచం గురించి కాబట్టి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) ట్రాప్‌నే, అంటే లంచం తీసుకుంటుండగా పట్టుకునే వలనే దగ్గర నుంచి చూద్దాం. ఫిర్యాది తెచ్చిన నోట్ల నంబర్లు మధ్యవర్తుల (స్వతంత్ర సాక్షుల) ఎదుట రాసుకుంటారు. నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. తెల్లటి పొడి, పలచగా రాస్తే కంటికి ఆనదు. సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ఆ పొడి అంటిన వేలు ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఫినాఫ్తలీన్ మామూలు నీళ్లలో రంగు చూపదు, పీహెచ్ 8 దాటాకే చూపుతుంది. ఇదంతా ట్రాప్‌కు ముందే మధ్యవర్తులకు చేసి చూపించి నివేదికలో రాస్తారు. డబ్బు చేతులు మారిందన్న సైగ రాగానే టీమ్ లోపలికి వెళ్లి, అధికారి కుడి చేతి వేళ్లను ఒక గ్లాసులో, ఎడమ చేతి వేళ్లను ఇంకో గ్లాసులో ముంచమంటుంది. డబ్బు జేబులో దొరికితే జేబు గుడ్డను కూడా కడుగుతారు. ఏ నీళ్లకు ఆ సీసా, మూతకు సీలు, చీటీ మీద సంతకాలు, ఆపైన ఫోరెన్సిక్ ల్యాబ్.

ఆ గులాబీ రంగు ఏం చెబుతోంది? ఈ చర్మానికి ఫినాఫ్తలీన్ తగిలింది అని. అంతే. లంచం అడిగాడని చెప్పదు. ఇష్టపడి తీసుకున్నాడనీ చెప్పదు. పొడి అంటిన చేత్తో ఫిర్యాది కరచాలనం చేసినా రంగు వస్తుంది. బలవంతంగా జేబులో కుక్కిన నోట్లను అధికారి బయటికి తీసి విసిరినా వస్తుంది. పొడి పూసిన కానిస్టేబులే చేతులు కడుక్కోకుండా గ్లాసుల్లో నీళ్లు కలిపినా వస్తుంది. అందుకే పొడి పూసేవారు, నీళ్లు కలిపేవారు వేర్వేరు మనుషులుగా ఉండాలి, ముంచకముందు నీళ్లకు రంగు లేదని మధ్యవర్తులు చూసినట్టు నివేదికలో ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే డిఫెన్స్ అక్కడి నుంచే మొదలెడుతుంది. సీసాలో రంగు కొన్నాళ్లకు వెలిసిపోవడం మామూలే, దాని మీద వాదించి లాభం లేదు.

చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. అవినీతి నిరోధక చట్టం, 1988 కింద డబ్బు దొరకడమొక్కటే నేరం కాదు, అడగడం, తీసుకోవడం రెండూ రుజువు కావాలి. 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే చెప్పింది. ఫిర్యాది చనిపోయినా, హోస్టైల్ అయినా (మాట మార్చినా), చుట్టూ ఉన్న పరిస్థితుల నుంచి డిమాండ్‌ను రాబట్టవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. సెక్షన్ 20 కింద, తీసుకున్నది లంచమేనని కోర్టు చేసుకునే ఊహ, అంటే ప్రిజంప్షన్, ఈ పునాది పడ్డాకే వస్తుంది. మూట్‌లో ప్రాసిక్యూషన్ వైపు వచ్చినవాళ్లు గులాబీ రంగు దగ్గర నుంచి నేరుగా సెక్షన్ 20కి దూకేస్తుంటారు. మధ్యలో డిమాండ్ అనే మెట్టు ఉంది.

కళ్లారా చూసిన సాక్షి లేని కేసుల్లో శరద్ బిర్ధీచంద్ సర్దా తీర్పు (1984) ఇప్పటికీ కొలబద్ద. అందులోని అయిదు సూత్రాలు మీరు కంఠతా పట్టే ఉంటారు కాబట్టి అన్నీ రాయను. అసలైనది ఇది: ప్రతి పరిస్థితీ ముందు పూర్తిగా రుజువు కావాలి, ఆ తర్వాతే అన్నీ కలిసి ఒకే దిక్కు చూపుతున్నాయా అని అడగాలి. అరకొరగా నిలిచిన పది సూచనలను కూడితే ఒక రుజువు అవదు.

సెల్ టవర్ రికార్డు దీనికి మంచి ఉదాహరణ. "నిందితుడు ఘటనాస్థలంలో ఉన్నాడు" అని చార్జిషీటులో రాస్తారు. రికార్డు నిజానికి చెప్పేది, ఫలానా సమయానికి ఫలానా సిమ్ ఉన్న ఫోను ఫలానా టవర్ పరిధిలో ఉందని. అమీర్‌పేటలాంటి చోట ఆ పరిధి కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు, ఊరి బయట కిలోమీటర్లు. దగ్గరి టవర్ మీద లోడు ఎక్కువైతే ఫోను పక్క టవర్‌కు పోతుంది. ఫోను ఎవరి చేతిలో ఉందో రికార్డుకు తెలియదు. పైగా అది ఎలక్ట్రానిక్ రికార్డు కాబట్టి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంకేతం) సహా జతపడాలి. 2024 జులై 1కి ముందు ఇదే పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 65బీ.

ఇక వైద్యం. ఇక్కడ సూచన రెండు రకాలు. రిపోర్టు ఒక జబ్బు వైపు వేలు చూపడం ఒకటి. ఒక మందు ఇవ్వడానికో ఆపరేషన్ చేయడానికో తగిన కారణం ఉండటం ఇంకొకటి, డాక్టర్లు "ఇండికేషన్ ఉంది" అనేది దీన్నే. రెండూ కలిసే ఉండాలని లేదు. జబ్బు ఖాయమైనా ఫలానా చికిత్సకు ఇండికేషన్ లేకపోవచ్చు, జబ్బు ఇంకా తేలకుండానే చికిత్సకు ఇండికేషన్ ఉండొచ్చు.

మీ తమ్ముడి విడాల్ మొదటి రకం. టైఫాయిడ్ బాక్టీరియా మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను అది చూస్తుంది. సీరమ్‌ను 20, 40, 80, 160 రెట్లు ఇలా పలచన చేసుకుంటూ పోతారు. ఏ పలచన దాకా ప్రతిచర్య కనిపించిందో అదే టైటర్. మన దగ్గర టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అందుకని పాత ఇన్ఫెక్షన్ వల్లో, టీకా వల్లో, మలేరియాలాంటి వేరే జ్వరం వల్లో కూడా టైటర్ కనిపిస్తుంది. జ్వరం మొదటి వారంలో అసలు టైఫాయిడ్ ఉన్నవాళ్లలో కనిపించకపోనూ వచ్చు.

లెక్క కోసం అంకెలు ఊహించుకుందాం. వెయ్యి జ్వరం కేసుల్లో 50 మందికి నిజంగా టైఫాయిడ్. పరీక్ష వందకు 70 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని వందమందిలో 20 మందికి తప్పుగా పాజిటివ్ చూపుతుంది. అప్పుడు నిజమైన పాజిటివ్‌లు 35, తప్పువి 190. పాజిటివ్ వచ్చిన 225 మందిలో జబ్బున్నవారు 35, అంటే ఆరుగురిలో ఒకరు. పరీక్ష మరీ చెడ్డదేం కాదు, జబ్బు అరుదుగా ఉన్నచోట వాడితే అలా అవుతుంది. అదే, మెట్లమెట్లుగా పెరిగే జ్వరం వారం దాటి, ఇంట్లో ఇంకొకరికి కల్చర్‌లో (రక్తంలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) టైఫాయిడ్ తేలి ఉంటే అదే 1:160 ఎంతో బరువైన సూచన.

తేల్చాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ తీయాలి. పెద్దవాళ్లకైతే ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం కావాలి, రెండు మిల్లీలీటర్లు తీస్తే దొరికేది కూడా దొరకదు. సరిగ్గా తీసినా కల్చర్ అన్ని కేసులనూ పట్టుకోదు కాబట్టి నెగెటివ్ వచ్చినంత మాత్రాన టైఫాయిడ్ లేదని కొట్టిపారేయలేం. విడాల్ మీదే ఆధారపడాల్సి వస్తే వారం పది రోజుల తేడాతో రెండు శాంపిళ్లు ఇచ్చి టైటర్ నాలుగు రెట్లు పెరిగిందేమో చూడాలి. మీవాడికి మందు మొదలై ఉంటే ఇది చదివి ఆపేయకండి, "కల్చర్ పంపారా సార్" అని రాసిన డాక్టర్‌నే అడగండి.

రెండో రకానికి డెంగీ చూడండి. వానాకాలం వస్తే చాలు, నగరంలో ప్లేట్‌లెట్ల కోసం వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలు మొదలవుతాయి. కౌంట్ 40,000కు పడింది, రక్తస్రావం లేదు. జబ్బు డెంగీనే అని తేలింది, ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి ఇండికేషన్ మాత్రం లేదు. రక్తం కారకపోతే సాధారణంగా 10,000 కిందికి వచ్చినప్పుడే ఆ ఆలోచన చేస్తారు. కౌంట్ కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి: ఆగని వాంతులు, కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మగత, ప్లేట్‌లెట్లు పడుతుంటే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) పెరగడం. ఇవి ఎక్కువగా జ్వరం దిగే రోజుల్లోనే వస్తాయి, ఇంట్లోవాళ్లు తగ్గిపోయిందనుకునేది కూడా అప్పుడే. ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేయకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇది కాంట్రా ఇండికేషన్. కోర్టులో దీనికి సరిసమానమైనది నాకు కనపడలేదు. వైద్యంలో మాత్రం "చేయడానికి కారణం", "చేయకపోవడానికి కారణం" రెండు వేర్వేరు పట్టికలు, రెండూ చూశాకే చేయి కదలాలి.

రుజువు కోసం ఆగకూడని చోటు గుండెపోటు. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషి ఈసీజీలో ఎస్టీ భాగం పైకి లేచి కనిపిస్తే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) రిపోర్టు కోసం కూర్చోరు. రక్తనాళం తెరిచే పని మొదలవుతుంది. గడ్డను కరిగించే మందు ఇవ్వాలంటే గతంలో మెదడులో రక్తస్రావం అయిందా అని ముందు అడుగుతారు, అయి ఉంటే ఆ మందు ఇవ్వరు. ఇక్కడ ఈసీజీ గీత కూడా సూచనే, నూటికి నూరుపాళ్లు రుజువు కాదు. కానీ ఆలస్యం చేసే నష్టం తెలిసినదే కాబట్టి అంత సూచన చాలు.

మన ఊరి సంగతి ఒకటి. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్ట గోడలో పరాన్నజీవిని చూశాడు. అది దోమలో పెరుగుతుందని తెలిసింది. దోమ నుంచి మళ్లీ మరో ప్రాణిలోకి ఎలా వెళుతుందో ఆ రోజు చూసినదాంట్లో లేదు. ఆ చక్రం పూర్తిచేసింది మరుసటేడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద చేసిన పని, దోమ లాలాజల గ్రంథుల దాకా పరాన్నజీవిని వెంబడించాక. మనుషుల మలేరియాలో అనాఫిలిస్ దోమ పాత్రను అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు నిరూపించారు. మనం పండుగ చేసుకునేది ఆగస్టు 20ని, తప్పేం లేదు, కానీ అది తొలి మెట్టు.

ఫిజిక్స్‌కు వద్దాం. మీరు చదివిన 2.5 సిగ్మా బహుశా జపాన్‌లోని టీ2కే ప్రయోగం గురించే. టోకాయ్ నుంచి మ్యూయాన్ రకం న్యూట్రినోల ధారను 295 కిలోమీటర్ల అవతల కమియోకాలో 50,000 టన్నుల నీళ్ల డిటెక్టర్‌కు పంపుతారు. దారిలో కొన్ని ఎలక్ట్రాన్ న్యూట్రినోలుగా మారతాయా అన్నది ప్రశ్న. 2011లో అలాంటివి 6 దొరికాయి. మార్పు జరగకపోయినా వేరే కారణాలతో 1.5 దాకా కనిపించాలి. ఆ కారణాలేమిటో ముందే లెక్కగట్టి ఉంచుకున్నారు: ధారలో మొదటినుంచే కలిసి ఉన్న ఎలక్ట్రాన్ న్యూట్రినోలు, డిటెక్టర్‌లో పుట్టే పయాన్ అనే కణం విడిపోయి ఇచ్చే రెండు కాంతికణాల్లో ఒకటి తప్పిపోయి ఎలక్ట్రాన్‌లా భ్రమింపజేయడం. చూడండి, ట్రాప్‌లో కరచాలనం చేసిన పని ఇక్కడ పయాన్ చేస్తోంది. 1.5 రావలసిన చోట యాదృచ్ఛికంగా 6 రావడానికి అవకాశం వెయ్యిలో 7. అదే 2.5 సిగ్మా. వాళ్లు ఆ పత్రానికి పెట్టిన పేరు "సూచన"తో మొదలవుతుంది. మార్చి 11 భూకంపంతో యాక్సిలరేటర్ ఆగిపోయింది కాబట్టి అప్పటిదాకా ఉన్న డేటాతోనే చెప్పగలిగినంత చెప్పారు. తర్వాత 11 ఘటనలు, 3.1 సిగ్మా, పత్రం పేరులో "సాక్ష్యం". 2014లో అచ్చయిన పత్రంలో 28 ఘటనలు, 7.3 సిగ్మా, "పరిశీలన". మీ మెట్ల చట్టం లాగే వాళ్లకూ మెట్లున్నాయి, కాకపోతే అంకెలతో. కణ భౌతికంలో వాడుక ప్రకారం 3 సిగ్మా అంటే సుమారు 740లో ఒకటి, 5 సిగ్మా అంటే 35 లక్షల్లో ఒకటి.

అంత కఠినమైన గీత ఎందుకంటే కింది గీతలు చాలాసార్లు మోసం చేశాయి. 2015 డిసెంబరులో జెనీవా దగ్గరి కణ భౌతిక కేంద్రం సెర్న్‌లో రెండు డిటెక్టర్లూ 750 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర, కొత్త కణమేమో అనిపించే ఓ చిన్న మూపురం చూపాయి. సిద్ధాంతకర్తలు వందల పత్రాలు రాసేశారు. 2016 ఆగస్టు నాటికి కొత్త డేటాలో అది కరిగిపోయింది. వందల చోట్ల వెతికితే ఎక్కడో ఓ చోట మూపురం లేవడం సహజం, ఆ సంగతిని లెక్కలో కలుపుకుంటే దాని బలం సగానికి సగం పడిపోతుంది.

సిగ్మా ఎక్కువుంటే సరిపోతుందా అంటే అదీ లేదు. 2011 సెప్టెంబరులో ఒపేరా ప్రయోగం, సెర్న్ నుంచి 730 కిలోమీటర్లు వెళ్లిన న్యూట్రినోలు కాంతికంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని ప్రకటించింది, సుమారు 6 సిగ్మాతో. మరుసటేడు తేలిందేమిటంటే జీపీఎస్ సిగ్నల్ తెచ్చే ఫైబర్ కేబుల్ కనెక్టర్ పూర్తిగా బిగుసుకోలేదు. యాదృచ్ఛికతను, ముందే లెక్కగట్టిన లోపాలను మాత్రమే సిగ్మా కొలుస్తుంది. వదులు కనెక్టర్, కడగని చేతులు, రెండు మిల్లీలీటర్ల రక్తం, ఇవి దాని లెక్కలోకి రావు.

రెండు సూచనలు ఉన్నాయంటే అవి నిజంగా రెండేనా చూడండి. కుడి చేతి సీసా, ఎడమ చేతి సీసా రెండూ గులాబీ అయితే అవి ఒకే పొడి నుంచి వచ్చాయి. విడాల్‌లో చూసే ఓ, హెచ్ అనే రెండు టైటర్లూ పెరిగితే అది ఒకే రక్తం, ఒకే పరీక్ష. ఒకే ఫోను మూడు టవర్లు మారితే సాక్షి ఆ ఒక్క ఫోనే. హెచ్ఐవీని ఖాయం చేసేటప్పుడు వేర్వేరు కిట్లతో పరీక్షిస్తారు, ఒకే కిట్‌ను మూడుసార్లు వాడరు. టీ2కే సూచనకు అసలైన బలం వచ్చింది 2012 మార్చిలో, చైనాలోని దయా బే ప్రయోగం అణు రియాక్టర్ల న్యూట్రినోలతో, పూర్తిగా వేరే పద్ధతిలో, న్యూట్రినోల మార్పును నిర్ణయించే అదే రాశిని 5.2 సిగ్మాతో కొలిచినప్పుడు.

ఇంకొక్కటి చెప్పాలి, ఎందుకంటే వకీళ్లు, డాక్టర్లు, విలేకరులు ముగ్గురూ పడే గుంత అది. "740లో ఒకటి" అంటే సిద్ధాంతం తప్పయ్యే అవకాశం 740లో ఒకటి అని కాదు. కొత్తదేమీ లేకపోతే ఇలాంటి డేటా వచ్చే అవకాశం అంత. విడాల్‌లో "జబ్బు లేనివారిలో 20 శాతం పాజిటివ్" అన్నదాన్ని "పాజిటివ్ వస్తే 80 శాతం జబ్బు" అని తిప్పి చదవడం ఇదే తప్పు. కోర్టులో డీఎన్ఏ దగ్గర ఇది ప్రమాదకరంగా మారుతుంది. పాడైన శాంపిల్ నుంచి పాక్షిక ప్రొఫైల్ దొరికింది, సంబంధం లేని మనిషితో కలిసే అవకాశం పది లక్షల్లో ఒకటి అనుకుందాం. కోటి మంది ఉన్న నగరంలో అలా కలిసేవాళ్లు పదిమంది ఉంటారు. వేరే సాక్ష్యమేదీ లేకుండా డేటాబేస్‌లో వెతికి ఒకరిని పట్టుకుంటే "నిర్దోషి అయ్యే అవకాశం పది లక్షల్లో ఒకటి" అనడం పచ్చి అబద్ధం. పూర్తి ప్రొఫైల్ కలిస్తే అంకె ఇంతకన్నా ఎంతో చిన్నదవుతుంది, అప్పుడు వాదన ఎవరిది అన్నదాని నుంచి ఎలా అంటుకుంది అన్నదానికి మారాలి.

కాబట్టి ల్యాబ్ నిపుణుడు బోను ఎక్కినప్పుడు అడగాల్సినవి: ప్రొఫైల్ పూర్తిదా పాక్షికమా, ఎన్ని లోకస్‌లు (డీఎన్ఏలో పోల్చి చూసే చోట్లు) వచ్చాయి, ఒకరిదా కలగాపులగమా, చెప్పిన అంకె ఏ జనాభా లెక్క మీద కట్టారు, సీలు చెదరకుండా అందినట్టు రిజిస్టర్‌లో ఎవరు రాశారు, ల్యాబ్ సిబ్బంది ప్రొఫైళ్లతో పోల్చి చూశారా. ఆ శాంపిల్ ఎప్పుడు, ఏ పని వల్ల అక్కడికి చేరిందో డీఎన్ఏ చెప్పగలదా అన్నది చివర అడగండి. చెప్పలేదు అని నిపుణుడే అంటాడు, ఆ జవాబు రికార్డులోకి ఎక్కాక ఆపేయండి.